వేప కొమ్మకు కట్టిన తుపాకి గొట్టం

బస్సు ఆ పోలీస్ స్టేషన్ ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చర్చి సంఘపెద్ద కూతురిని, నోట ప్రార్థన రావాలి. తిట్లే వస్తాయి.

ములకలపల్లి దాటాక అడవి అంచున మాది చిన్న ఊరు. పది పన్నెండు క్రైస్తవ కుటుంబాలు, ఒక రేకుల ప్రార్థనా మందిరం. గంట కొనే స్తోమత ఎవరికీ లేదు. వేరే ఊళ్లలో రైలుపట్టా ముక్క వేలాడదీసి కొట్టేవాళ్లు. మాకు తాత నాటు తుపాకి గొట్టం ఉండేది. అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి ఒకప్పుడు తాతకు లైసెన్సు ఇచ్చారు. ఆయన పోయాక నాన్న తుపాకిని స్టేషన్లో అప్పగించబోతే, చెదలు తిన్న కట్టెనూ తుప్పు పట్టిన ఇనుమునూ చూసి నవ్వారట. "గీ పాత ఇనుము మాకెందుకయ్యా, కొంటబో" అన్నారట. నాన్న ఆ గొట్టానికి కమ్మరి చేత అడ్డంగా రంధ్రం పొడిపించి, మందిరం ముందు వేప కొమ్మకు కట్టాడు. సుత్తితో కొడితే వాగు అవతలి చేన్ల దాకా వినిపించేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అడవిలో నక్సలైట్ల కోసం పోలీసుల కూంబింగ్ ఎక్కువైంది. ఒక ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు జీపు వచ్చి ఆగింది. ఎస్సై దిగి కొమ్మకేసి చూశాడు.

"ఏందిది?"

"మా నాయిన తుపాకి గొట్టం సార్. గంట లెక్క కొట్టుకుంటున్నం," అన్నాడు నాన్న, గొప్పగా.

పైపు అంటే పోయేది! ఆ ఒక్క మాట ఆయనకు చేతకాలేదు. చేతిలో బైబిలు పెట్టుకుని అబద్ధమాడతానా అంటాడు. పోలీసుల మీద ఎంత కోపమో, ఆ మొండితనం మీదా అంతే కోపం వచ్చింది నాకు. గొట్టంతో పాటు నాన్ననూ జీపెక్కించారు. తుపాకి విడిభాగమైనా చట్టం లెక్కలో ఆయుధమేనట.

బెయిలు వచ్చాక నాలుగేళ్లు కొత్తగూడెం కోర్టుకు కాళ్లరిగేలా తిరిగాం. నేనప్పుడు పాల్వంచలో టీచర్‌ని. వాయిదా పడ్డప్పుడల్లా సెలవు పెట్టి వెంట వెళ్లేదాన్ని. నేరం రుజువైతే జైలే అన్నారు. గంట లేక నాన్న ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి పిలిచేవాడు. కేసున్న మనిషి గడప తొక్కితే తమ మీదకు వస్తుందేమోనని కొందరు తలుపు తీసేవాళ్లు కాదు.

"పైపనుకున్నా అని చెప్పు, చాలు," అన్నాడు వకీలు.

"గట్లెట్ల అంటా సార్? నాకు ఎరికే గద!"

నేను పళ్లు కొరికాను. వకీలు తల కొట్టుకుని హైకోర్టుకు వెళ్లాడు. విడిభాగం అంటే తుపాకికి పనికొచ్చేదై ఉండాలి, నిలువునా తుప్పు పట్టి చెట్టుకు వేలాడే ఇనుము ఎలా పనికొస్తుందని వాదించాడు. జడ్జి ఒప్పుకున్నారు. కేసు కొట్టేసి, వస్తువు తిరిగి ఇవ్వమన్నారు.

ఆ కాగితం పట్టుకుని నాన్నా నేనూ స్టేషన్‌కు వెళ్లాం. నాన్న ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. గొట్టం కట్టడానికి కొత్త తాడు కూడా తెచ్చాడు. కానిస్టేబుల్ ఒక గోనె సంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. మూడు ముక్కలు.

"కోసిండ్రేంది సార్?" అన్నాడు నాన్న.

"మళ్ల ఎవడన్న తుపాకి చేస్తడేమోనని. సంతకం పెట్టు, జల్దీ."

"తుపాకికి పనికిరాదని కోర్టే చెప్పింది గద సార్!" నేను అరిచాను.

"నీకు ఇనుము కావాలె, ఇచ్చినం. ఇంకేంది?"

నాన్న సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక మెట్టు మీద కూర్చుని పెద్ద ముక్కను రాయితో కొట్టి చూశాడు. టక్కుమంది, అంతే. ఇంకోసారి కొట్టాడు. తర్వాత తాడు చుట్టి సంచిలో వేశాడు.

"ఆ పొద్దు పైపు అంటే అయిపోతుండె బిడ్డా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినాలని నాలుగేళ్లు కొట్లాడాను. విన్నాక బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను. క్షమించమని మందిరంలో ప్రతి ఆదివారం చెబుతారు. నేను మాత్రం వాళ్లను క్షమించలేదు.