అప్పన్న కొండ చుట్టూ పోలిరాజు

యారాడ పోలిరాజు కాలు పోయిన రోజు సముద్రం ప్రశాంతంగానే ఉంది. వల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. పాటలు పాడుకుంటూ ఒడ్డుకు వస్తుంటే, చివరి కెరటం తెప్పను అడ్డంగా తిప్పేసింది. తెప్ప దుంగ కింద నలిగి కుడికాలు నుజ్జయింది. పెద్దాసుపత్రి డాక్టర్లు నిలబెట్టాలని చాలా చూశారు. చివరికి మోకాలి కింద నుంచి తీసేయక తప్పలేదు. అది తొంభై నాలుగో సంవత్సరం. అప్పటికి అతనికి నలభై కూడా నిండలేదు.

తర్వాత రెండేళ్లు అరుగు మీద కూర్చుని ఇరుగుపొరుగు వలలు బాగుచేశాడు. అతని భార్య ఆదిలక్ష్మమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, కొండ దాటి, పట్నం వీధుల్లో అమ్ముకొచ్చేది. ఊళ్లో ఎవరూ అతన్ని చులకన చేయలేదు. అతనికి బాధ వేరే ఉండేది. తెల్లారి తెప్పలు దించేటప్పుడు "బావా, లెగు!" అని కేకేసే స్నేహితులు ఇప్పుడు తన గుమ్మం ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించి నడిచేవారు.

పట్నంలో కృత్రిమ కాళ్లు పెడుతున్నారని ఆదిలక్ష్మమ్మే విని వచ్చింది. ఆటోలో తీసుకెళ్లి రబ్బరు పాదమున్న కాలు పెట్టించింది. మొదట్లో నాలుగడుగులు వేస్తే చర్మం ఒరుసుకుపోయి రక్తం వచ్చేది. తడి ఇసుక మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. కర్ర వదిలేసిన రోజున భార్యతో అన్నాడు:

"ఈ ఆసాడం పున్నానికి నాను కొండ సుట్టూ తిరుగుతాను."

ఆదిలక్ష్మమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "ఏటి మావా! కాళ్లు బాగున్నోళ్లే మద్దిలో బస్సెక్కేత్తన్నారు."

"నాను ఎక్కను."

ఆ కొండ సింహాచలం. అక్కడి దేవుడు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల దొరకదు. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు జనం ఆ కొండ చుట్టూ ప్రదక్షిణగా నడుస్తారు. అడివివరం మీదుగా సముద్రం దాకా వచ్చి, పట్నంలో పడి, మాధవధార, గోపాలపట్నం దాటి మళ్లీ కొండ మొదటికి చేరతారు. ముప్ఫై కిలోమీటర్ల పైమాట. చెప్పులు వేసుకోరు. కొండే దేవుడని, చుట్టి వస్తే ఆయన్ను చుట్టినట్టేనని నమ్మకం.

ఆ రోజు తెల్లవారుతుండగా మొగుడూ పెళ్లాం తొలి పావంచా దగ్గరకు చేరారు. అందరూ కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టే మెట్టు అది. తీరా అక్కడికి వచ్చాక పోలిరాజుకు అనుమానం వచ్చింది. రబ్బరు పాదం చెప్పు కిందకు వస్తుందా? విప్పితే నడవలేడు. ఉంచితే అపచారమేమో!

కొబ్బరికాయలు అమ్ముకుంటున్న చిట్టెమ్మ అనే ముసలావిడ అతని తటపటాయింపు చూసి సంగతి అడిగింది. విని నవ్వింది.

"ఓరి నాయినా! ఆ కొండ మీదాయన ఎలగుంటాడో నీకు తెల్దేటి? వరాహం మొకం, మడిసి ఒళ్లు, సింవం తోక. అన్నీ కలిపి ఒక్కడయ్యాడు. నీ ఒంట్లో పిసరంత రబ్బరు కలిత్తే ఆయన కాదంతాడా? అది సెప్పు కాదు, నీ కాలే. కొట్టు కాయ!"

కాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది. "సింహాద్రి అప్పన్నా, గోవిందా!" అని వెనక నుంచి జనం అరిచారు. పోలిరాజు కదిలాడు.

ముడసర్లోవ దాకా హుషారుగా సాగింది. హనుమంతవాక దాటాక మోకాలి కింద చర్మం ఒరుసుకుపోయి మంట మొదలైంది. అప్పూఘర్ దగ్గర సముద్రం కనిపించగానే ప్రాణం లేచి వచ్చింది. అక్కడ స్నానం చేసి ముందుకు సాగడం ఆనవాయితీ. వేలమంది నీళ్లలో ఉన్నారు. పోలిరాజు ఒడ్డున కూర్చుని పాదం విప్పి భార్యకు ఇచ్చాడు. అప్పుడే ఒక ఆడమనిషి కేక వినిపించింది.

"ఓలమ్మో! మా ఆయన! మా ఆయన ఎలిపోతన్నారు!"

ఆమె రోజారమణి. స్టీల్ ప్లాంటులో పనిచేసే భర్త నీలకంఠంతో వచ్చింది. మెట్ట పల్లెలో పుట్టిన అతనికి ఈత రాదు. అతను నడుంలోతు నీళ్లలో మునిగి లేస్తుండగా వెనక్కి వెళ్లే నీటి లాగుడు కాళ్లకింద ఇసుకను ఊడ్చేసింది. అప్పటికే తల కెరటాల అవతల తేలుతూ మునుగుతూ ఉంది. జనం అరుస్తున్నారు. ఎవరికీ ముందడుగు పడటం లేదు.

పోలిరాజు లేవలేదు. ఇసుక మీద చేతులతో పాకి నీళ్లలోకి జారాడు. కెరటం కిందనుంచి దూరి అవతల తేలాడు. కాలు పోయిన రెండేళ్ల తర్వాత సముద్రంలోకి వెళ్లడం అదే మొదటిసారి. నీళ్లలో అతనికి ఏ లోటూ తెలియలేదు. ఈదుకుంటూ వెళ్లి, వెనక నుంచి నీలకంఠం చొక్కా దొరకబుచ్చుకున్నాడు.

"నన్ను అట్టుకోకు బావా! ఎల్లకిలా తేలు! నానున్నాను!"

లాగుడుకు ఎదురీదలేదు. పక్కవాటంగా ఈది, అది తగ్గిన చోట కెరటంతో పాటు ఒడ్డుకు వచ్చాడు. నీలకంఠం నీళ్లు కక్కి, దగ్గి, కళ్లు తెరిచాడు. రోజారమణి పోలిరాజు కాళ్లకు మొక్కబోయి, ఒక్క కాలే చూసి కొయ్యబారిపోయింది.

"నాకెందుకమ్మా దండాలు? కొండకాడికి ఎల్లి ఆయనకి ఎట్టు," అన్నాడు పోలిరాజు రొప్పుతూనే నవ్వి.

కాస్త తేరుకున్నాక నీలకంఠం ఆటో పిలుస్తానన్నాడు. "బావా, నువ్వు సేసిన దానికి నూరు పెదచ్చినాల పున్నెం. ఇంక సాలు."

"నువ్వు నడుత్తావా?"

"నాను నడుత్తాను."

"మరి నన్నెందుకు ఆటో ఎక్కమంతన్నావు?"

పోలిరాజు పాదం మళ్లీ తొడుక్కున్నాక నలుగురూ కలిసి నడిచారు. ఉప్పునీరు తగిలిన పుండు మండిపోతుంటే మాధవధారలో పోలిరాజు కూలబడ్డాడు. ఆ వీధి ఆడవాళ్లు పరుగున వచ్చి మజ్జిగ ఇచ్చారు, గోరువెచ్చటి పసుపునీళ్లతో కడిగి మెత్తటి గుడ్డ చుట్టారు. వాళ్లు అతని కులం అడగలేదు, ఊరు అడగలేదు. ఆ రోజు నడిచేవాడెవడైనా వాళ్లకు అప్పన్నే. నీలకంఠం ఒక భుజం ఆసరా ఇచ్చాడు. పొద్దు కుంకే వేళకు తొలి పావంచా కనిపించింది. అక్కడ పోలిరాజు ఆ భుజం వదిలేశాడు. చివరి అడుగులు తనంతట తానే వేసి మెట్టుకు నుదురు ఆనించాడు. ఆదిలక్ష్మమ్మ బావురుమంది. నీలకంఠం గొంతు చించుకుని "గోవిందా!" అన్నాడు.

మర్నాడు మెట్లెక్కి దర్శనానికి వెళ్లారు. చందనపు ముద్దలా ఉన్న స్వామిని చూశాక పోలిరాజుకు అడగాలనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు. చేతులు మాత్రం చాలాసేపు దించలేదు.

శ్రావణం రాకుండానే వేటకు వెళ్లాడు. తెప్ప మీద కూర్చుని వల లాగడానికి చేతులు చాలు. తెల్లారి అతని గుమ్మం ముందు మళ్లీ కేకలు మొదలయ్యాయి.

రెండువేల సంవత్సరం దాటేసరికి యారాడ నుంచి గుంపులు గుంపులుగా ప్రదక్షిణకు వచ్చేవారు. వాళ్లలో ఈత వచ్చిన మగవాళ్లు అప్పూఘర్ దగ్గర నీళ్లలో తాడు పట్టుకుని వరసగా నిలబడేవారు. లోపలికి వెళ్లబోయే వాళ్లను పోలిరాజు ఒడ్డునుంచి గద్దించేవాడు. స్టీల్ ప్లాంటులో సెలవు పెట్టుకుని వచ్చిన నీలకంఠం తాడు కొస పట్టుకునేవాడు. స్నానాలు పలచబడ్డాక అందరూ ఒళ్లు తుడుచుకుని, గోవింద కొట్టి, మిగతా దారి నడిచేవారు.