ఎర్ర సిరా సున్నాలు

మలేసియాలోని సెపాంగ్‌లో ఫార్ములా వన్ పోటీ జరిగినన్నాళ్లూ నేనూ నా భార్యా ఏటా మా ఊరు బంటింగ్ నుంచి వెళ్లి, ట్రాక్ పక్క గడ్డిగుట్ట మీద కూర్చుని, చుట్టు చుట్టుకూ కార్ల వరుస రాసుకునేవాళ్లం. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు చూపు మరల్చకుండా నంబర్లు చెప్పాలి, మరొకరు తల ఎత్తకుండా రాయాలి. చెప్పడం ఆమె వంతు.

నేను ఎస్టేటు గుమాస్తాల ఇంట పుట్టినవాణ్ణి. అంకె తప్పితే సహించలేను. అధికారిక పట్టిక దొరికాక మా పుటలను దానితో సరిచూసి, ఆమె తప్పు చెప్పిన ప్రతి నంబరు చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టేవాణ్ణి. తొలి ఏళ్లలో ఒకటో రెండో ఉండేవి. తరువాత పెరుగుతూ వచ్చాయి.

ఇంతలో ఇంజిన్లు మార్చారు. చెవులు చిల్లులు పడే ఆ రొద తగ్గిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కున్నారు. నేను మాత్రం, ఇకనైనా ఆమె మాట స్పష్టంగా వినిపిస్తుందని సంతోషించాను. ఆ ఏడు పుట నిండా ఎర్ర సున్నాలే.

"ఏటే, ఎప్పుడో ఆగిపోయిన కారు మళ్లీ ఎలాగ వచ్చినాది?" అని బస్సులో నిలదీశాను.

"దెయ్యమై వచ్చినాదేమో. రాసుకోండి లా," అని చివర మా మలేసియా 'లా' తగిలించి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. పుట అడుగున 'అశ్రద్ధ' అని రాశాను. ఆ తరువాతి ఏళ్లలోనూ రాశాను.

మా దేశంలో ఆ పోటీ ఆపేశాక ఒకనాడు ఆమె గడప కానక పడిపోయింది. షుగరు వల్ల చూపు ఏళ్లుగా తగ్గుతూ వచ్చిందన్నాడు డాక్టరు. ఎప్పటి నుంచని అడిగాడు. జవాబు మా ఇంట్లో, నా ఫైలులో, ఏడాది వారీగా ఉంది.

"మరి నంబర్లు ఎలాగ సెప్పినావు?" అని ఇంటికి వచ్చాక అడిగాను.

"రంగు అగుపడితే రంగు బట్టి. నేకపోతే ఇంజిను గొంతు బట్టి. ఆ గొంతులు మార్చేసినాక నాకేటీ తెలవనేదు."

"నాతో సెప్పకూడదా?"

"సెప్తే నా జాగాలో ఇంకెవుల్నో కూకోబెట్టుకుంటారు కదా."

నిరుడు ఆమె పోయింది. పోటీని ఆపినవారి మీద పత్రికలకు ఎన్నో ఘాటైన ఉత్తరాలు రాశాను. నా మీద ఎవరికి రాయను?

రాసినది చెరపకూడదన్నది నా నియమం. తప్పైతే అడ్డగీత గీసి సంతకం చేయాలి. 'అశ్రద్ధ' అన్న ఆ ఒక్క మాటకు అన్ని పుటల్లోనూ అడ్డగీత గీసి సంతకం చేశాను. గీత కింద ఆ మాట ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.