పసి అనే మాట

కార్తీక దీపాలకు ముందు మా ఇంట్లో ఏ బట్ట ముట్టుకున్నా బెల్లం పాకం వాసన వస్తుంది. మేముండేది పుదుచ్చేరిలో, పెద్ద బజారు పక్క వీధిలో, ఒక బొరుగుల అంగడి మీది వాటాలో. కింద పెద్ద మూకుడులో పాకం ఉడుకుతుంటే అందులో బొరుగులు పోసి ఉండలు కడతారు. ఆ వాసన మెట్లెక్కి, కిటికీలు మూసినా ఖాతరు చేయకుండా లోపలికొచ్చి కూర్చుంటుంది. మా ఆయన విసుక్కుంటాడు. నాకు మాత్రం చేతిలో పని ఆగిపోతుంది. "ఇంగ చదువు, వింటావుండా" అనే గొంతు గుర్తొస్తుంది.

ఆ గొంతు సరోజత్తది. బంధుత్వమేమీ లేదు, అంగడీ ఇల్లూ ఆమెవే, మేం అద్దెకున్నవాళ్లం. అంగడి బోర్డు మీద జి. సరోజ అని తమిళంలో ఉండేది. ఎన్ని తరాల కిందట తెలుగు దేశం విడిచి వచ్చారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. ఆ రెండింటికీ నడుమ గట్టు ఎక్కడుందో ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. తెలుగు మాట్లాడేది గానీ చదవడం రాదు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు దామోదరం ఊరి చివర మేట్టుపాళయంలో ఒక గిడ్డంగిలో పనిచేసేవాడు. సాయంత్రం పని దిగి, మురుంగపాక్కంలోని తన ఇంటికి పోకముందే అక్క అంగడికొచ్చి మూటలు సర్దేవాడు. ఆయన ఎలా సర్దినా ఆమెకు నచ్చేది కాదు. "యాడ పెట్టమంటి, యాడ పెట్టినావు" అనేది. ఆయన నవ్వి, మళ్లీ అక్కడే పెట్టేవాడు. నోట్లో మాటను నమిలి మింగేసే రకం మనిషి.

అప్పట్లో నేను పిల్లల కోసం ఒక చారిత్రక నవల రాస్తున్నాను. ఈ ఊరి కోటను శత్రువులు చుట్టుముట్టి, బియ్యం దొరకని కాలంలో, నీలిమందు అద్దే ఇంటి పిల్లలిద్దరి కథ. అక్క పేరు నీలి, తమ్ముడు గురవ. రాసి పంపితే సంపాదకుడు ఫోను చేశాడు. "మీ అక్కాతమ్ముళ్లు మొదటి పేజీలో ఎలా ఉన్నారో చివరి పేజీలోనూ అలాగే ఉన్నారండీ. మధ్యలో యుద్ధం ఒకటి జరిగిందంతే" అన్నాడు. బాగా ఒళ్లు మండింది. మళ్లీ చదువుకుంటే ఆయన మాట నిజమేననిపించి ఇంకా మండింది. నీలి మంచిది, గురవ ముద్దొచ్చేవాడు. కోట కూలినా వాళ్లలో వెంట్రుక కదల్లేదు. ఎలా కదిలించాలో తోచక, రాతప్రతిని అటక మీద పడేద్దామన్నంత వరకు వెళ్లాను.

ఆ మధ్యాహ్నం అద్దె ఇవ్వడానికి కిందికి దిగితే సరోజత్త నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. "నాకు చదివి చూపించు" అంది. గిరాకీ లేని వేళ, పైనుంచి కాగితాలు తెచ్చి, బొరుగుల మూటకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టాను. గురవ పక్కింటి కుండ పగలగొడతాడు. పక్కింటావిడ కొట్టబోతే నీలి అడ్డం వచ్చి, "వాడు పసివాడు, ఏమీ అనకండి" అంటుంది.

"పసైతే అన్నం పెట్టమను. అనేదానికి ఏముండాది?" అంది సరోజత్త.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పసి అంటే తమిళంలో ఆకలి. వాళ్లింటి తెలుగులో కూడా ఆకలిని పసి అనే అంటారు. నేను చిన్నపిల్లవాడని రాస్తే ఆమెకు ఆకలిగొన్న పిల్లవాడని వినపడింది. నేను తెలుగు పంతులమ్మలా అర్థం వివరించబోయాను. ఆమె శ్రద్ధగా విని, "రెండూ ఒకటే గదమ్మా. చిన్నబిడ్డంటేనే పసి" అని తేల్చేసింది.

నవ్వుకుంటూ మేడెక్కాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఊరంతా తిండికి అల్లాడుతోందని రాసిన నేను, ఆ పిల్లలకు ఆకలి వేసినట్టు ఒక్కచోటా రాయలేదు. నీలి తన వంతు తమ్ముడికి పెట్టేస్తుంది, నవ్వుతుంది, అంతే. మర్నాడు ఆ సంగతే సరోజత్తతో అన్నాను.

"మొదట్లోనే దేవతను నిలబెడితివి. ఇంగ అది యాడికి పోతాది?" అంది ఆమె. కాసేపు ఉండలు కట్టింది. తర్వాత, నా వైపు చూడకుండా చెప్పింది. "ఒకనాడు తమ్మునికని దాచిన బొరుగుల ఉండ, అక్కే తినెయ్యాల. వాడొచ్చి అడిగితే కాకి ఎత్తకపోయిందని చెప్పాల."

"పిల్లలు చదివే పుస్తకం అత్తా. అక్క అలా చేస్తే వాళ్లేం నేర్చుకుంటారు?"

"ఏమీ నేర్చుకోబళ్లేదు. పసైతే మనిషి ఏమైతాదో తెలుసుకోనీ."

"మీకిది ఎవరు చెప్పారు?" అని అడిగాను. బెల్లం కోసం మనిషి వచ్చాడు చూడమంది. వీధిలో ఎవరూ లేరు.

అక్కడి నుంచి నవల నడక మారింది. ఉండ తిన్న నీలి మంచితనం ఒలకబోయడం మానేసింది. తమ్ముడి మీద కారణం లేకుండా అరిచింది, వాడు పడుకున్నాక తల నిమిరింది. మొదట్లో వాడి మీద పెత్తనం చేసిన పిల్ల నెమ్మదిగా వాడి మాట వినడం మొదలుపెట్టింది. గురవ కూడా ఊరికే ఉండలేదు. పెట్టింది తినేవాడు కాస్తా, ఎదుటివాళ్ల గిన్నెలో ఏముందో చూసేవాడయ్యాడు. నేను నడిపించినట్టు కాకుండా వాళ్లే నడుస్తున్నట్టు అనిపించేది. ఇన్నేళ్లు రాసినా నాకు అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు.

చివరి అధ్యాయంలో గురవకు నిజం తెలిసిపోతుంది, అక్కను క్షమిస్తాడు. నాకు తెగ నచ్చిన ఘట్టం అది. కింద కూర్చుని చదువుతుంటే సరోజత్త ఉండ కట్టడం ఆపేసింది.

"వద్దు" అంది. "వానికి తెలియకూడదు."

"తెలిస్తేనే కదా అత్తా, తమ్ముడు పెద్దవాడైనట్టు."

"తెలిస్తే మళ్లా అక్కా అని పిలుస్తాడా? పిలుస్తాడులే, నోటితో."

ఇంతలో దామోదరం అంగడి ముందు సైకిలు దిగాడు. సరోజత్త బెల్లం అంటిన చేత్తోనే నా కాగితాలు మూసేసింది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. అర్థమైనట్టు కనిపించకూడదని కూడా అర్థమైంది. నాలోని రచయిత్రి అహం అంత తొందరగా లొంగలేదు గానీ, వారం గింజుకుని ఆ ఘట్టం కొట్టేశాను. గురవకు ఏమీ తెలియకుండానే కథ ముగిసింది. సంపాదకుడు ఈసారి పుస్తకం వేస్తామన్నాడు.

అచ్చయి వచ్చేసరికి సరోజత్త లేదు. వానల్లో పట్టుకున్న జ్వరం ఆమెను లేవనివ్వలేదు. పుస్తకం పొట్లం విప్పుతుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. దామోదరం గిడ్డంగి పని మానేసి అంగట్లో కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "అక్క విన్న కథంట గదా. నాకూ చదివి చూపించండమ్మా. నాకూ తెలుగు అక్షరం రాదు" అన్నాడు.

ఉండ తిన్న అధ్యాయం దాటేద్దామనుకున్నాను. ఒక మనిషి జీవితమంతా దాచుకున్నది నా నోటితో బయటపెట్టడం ఏమిటనిపించింది. కానీ ఆ అధ్యాయం లేకపోతే తర్వాతిదేదీ నిలబడదు. చదివాను. ఆయన ఉండలు కడుతూ చివరిదాకా విన్నాడు.

"ఆ పిల్లోనికి తెలియనే తెలియదా?" అని అడిగాడు.

"కథలో తెలియదండీ."

"అంత పెద్ద ఉండ కాకి ఎట్ల ఎత్తకపోతాదమ్మా" అన్నాడు ఆయన, ఇంకో పిడికెడు బొరుగులు చేతిలోకి తీసుకుంటూ. "అక్క మూతికి బెల్లం ఉండె. నేను తలుపు కాడ్నించి చూస్తావుంటి."

"ఆమెతో ఎప్పుడూ అనలేదా?"

"ఏమని అనేది. అక్క కూడా పసే గదా అప్పుడు."

చిన్నపిల్ల అన్నాడో, ఆకలితో ఉందన్నాడో నేను అడగలేదు. ఆయనకూ ఆ రెండూ ఒకటే అయివుంటాయి.

ఈమధ్య పుస్తకం మళ్లీ అచ్చు వేస్తూ, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగారు. గురవకు తెలుసని ఒక్క వాక్యం చేరిస్తే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. చేర్చలేదు. దామోదరం అక్కకు చెప్పనిది నేను ఊరికి చెప్పడం బాగోదనిపించింది. నాకు మిగిలిన అలవాటు ఒకటే. కథలోకి పసిపిల్ల ఎవరొచ్చినా, ఆమె మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. అన్నం తిన్నదో లేదో ముందు చూసుకుంటాను.