యాదలక్ష్మి చంపిన అంచులు

కంప్యూటర్‌లో కనిపించే కుర్చీలకు, బల్లలకు, మంచాలకు అంచు ఎలా ఉండాలో ఈ ప్రపంచానికి నేర్పింది మా నాయనమ్మ యాదలక్ష్మి. కంప్యూటర్ బొమ్మల్లో తామే మొనగాళ్లమనుకునే జపాను వాళ్లు ఒప్పుకోకపోతే అది వాళ్ల ఖర్మ. ఆమెకు మౌస్ పట్టుకోవడం మాత్రం రాదు. దాన్ని ఎలుక అంటారని చెబితే, తీగ పట్టుకుని వేలాడదీసి, బతికే ఉందా అని అడిగింది.

నాయనమ్మది నల్లగొండ దగ్గర పల్లె. ముప్పై ఏళ్ల కింద ఎల్బీనగర్ వచ్చి, మంచాలు, సోఫాలు చేసే దుకాణంలో చేరింది. వడ్రంగులు చేసి పడేసిన కర్రను ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేయడం ఆమె పని. ఇప్పటికీ అదే పని. రుద్దీ రుద్దీ వేళ్ల మీద గీతలు కూడా పోయాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడనప్పుడల్లా, మిషన్‌కు తను నచ్చలేదని చెప్పుకుంటుంది.

నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పే ఓపిక లేక దిల్‌సుఖ్‌నగర్‌లో త్రీడీ బొమ్మల కోర్సులో చేరాను. కోర్సు చివర వినయ్ సార్ అందరికీ ఒకటే పరీక్ష పెట్టారు. కంప్యూటర్‌లో చెక్క స్టూలు చేయాలి, చూసినవాళ్లు ఫోటో అనుకోవాలి. సామాను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కంపెనీకి మాలో ఒక్కరి పేరే పంపుతారు. నా పేరు వెళ్లకపోతే నేను చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్‌నే. నాన్న అప్పటికే ఓనరుతో మాట్లాడేశాడు. నాకేమో చీర మడతపెట్టడం కూడా రాదు. గడువు శుక్రవారం.

బుధవారం నా స్టూలు చూసి సార్ పెదవి విరిచారు. కొలతలు బాగున్నాయట, రంగు బాగుందట, కానీ అట్టముక్కలు అతికించినట్టుందట. ఎందుకో నన్నే చూసుకోమన్నారు.

ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ బొమ్మ నాయనమ్మకు చూపించాను. పెద్దది చేసుకోవడం తెలియక ఆమె ఫోన్‌నే ముక్కు దాకా తెచ్చుకుంది.

"ఎవరు జేసిండ్రే గిది?"

"నేనే."

"అంచు సంపలే. అంచు సంపకుంట సామాను బయటికి పంపుతరానే? చెయ్యి గీసుకపోతది."

రెండు పలకలు కలిసే చోట ఉండే పదునును రుద్ది కొంచెం మొద్దు చేయడమే వాళ్ల భాషలో అంచు చంపడం. అలా చేస్తే అక్కడ వెలుతురు సన్నటి గీతలా పడుతుందట. ఆ గీత లేనిది కర్రలా కనిపించదట. మా సార్ దీన్నే బెవెల్ అని మూడు క్లాసులు చెప్పారు. ఆ మూడు రోజులూ నా బుద్ధి మెట్రో స్టేషన్ కింద పానీపూరీ బండి దగ్గర ఉంది.

గురువారం అంచులన్నీ ఎంచుకుని ఒకే నొక్కుతో, ఒకే కొలతలో చంపేశాను. ఒక్కదాన్నీ వదల్లేదు. సార్ వచ్చి, ఇప్పుడు సబ్బుబిళ్లలా ఉందని చెప్పి వెళ్లిపోయారు.

ఆ మాట చెబితే నాయనమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. శుక్రవారం పొద్దున పనికి సెలవు పెట్టి, మా వంటింట్లోని పాత స్టూలు చంకన పెట్టుకుని నాతో బస్సెక్కింది. ఆడవాళ్లకు టికెట్ లేకపోయినా స్టూలుకు లగేజీ కొట్టాలంది కండక్టరమ్మ.

"గిది గూడ ఆడదే బిడ్డ" అని నాయనమ్మ బస్సు నడుమ స్టూలు వేసుకుని దర్జాగా కూర్చుంది. కండక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ముందుకు పోయింది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ, ఈమె ఎవరో తెలియనట్టు నిలబడ్డాను.

క్లాసులో నా చెయ్యి పట్టుకుని స్టూలు చుట్టూ తిప్పింది. పట్టుకుని ఎత్తే చోట అంచు బాగా అరిగింది. పాదాలు ఆనించే అడ్డకర్ర నడుమ కొద్దిగా గుంత పడింది. నేలకు తగిలే చోట చిన్న పెచ్చు లేచిపోయింది. పలక అడుగున వేలు పెడితే మాత్రం గరుగ్గా, పదునుగా, నిన్న చేసినట్టే ఉంది.

"కిందికి ఎవ్వలు జూస్తరు? ఆడ రెండుసార్లు రాసి ఇడిసిపెడతం. యాడ చెయ్యి వడ్తదో ఆడ్నే అంచు సావాలె" అంది.

సాయంత్రం దాకా ఒక్కో అంచునూ విడివిడిగా చంపాను. నాయనమ్మ పక్కనే కూర్చుని ఇంక జర, ఇంక జర అంటూ, ఓసారి ఆగలేక తెర మీదే వేలు పెట్టి రుద్దేసింది. వినయ్ సార్ వచ్చి తెర చూశారు, నేల మీది స్టూలు చూశారు, మళ్లీ తెర చూశారు.

"ఫోటో తీసి పెట్టావా ఏంటి?"

కాదని బొమ్మను గిర్రున తిప్పి చూపించాను. సార్ నా పేరే పంపుతానన్నారు. తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, మామ్మగారూ మీరు ఈ కోర్సు ఎక్కడ చేశారండీ అని అడిగారు. ఫీజు కట్టని చోట చేశానని ఆమె చెప్పింది.

సోమవారం కంపెనీ వాళ్లు ఫోన్ చేసి చేరమన్నారు. మొదటి పనిగా ఒక పాత చెక్క తలుపు చేయాలట. ఫోన్ పెట్టేసి నాయనమ్మ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"నాయనమ్మా, నీ ముప్పై ఏండ్ల పనంత నాకు మూడు దినాల్లనే వచ్చేసింది."

"నీకొచ్చింది ఒక్క స్టూలు" అంది ఆమె. "తలుపు సంగతి నన్నడుగకు. పొయ్యి తలుపు కాడ నిలవడి, ఎవ్వలు యాడ చెయ్యేస్తుండ్రో సూడు."