కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సీటు

ఎంబీఏ కోసం రెండోసారి క్యాట్ పరీక్ష రాసి ఫలితం చూసుకున్న పొద్దున ఫోన్ పాడైందేమో అనుకున్నాను. మూడుసార్లు మూసి తెరిచాను. మార్కులు పోయినేటి కంటే ఏడు ఎక్కువ. పర్సంటైల్ మాత్రం తొంభై ఆరు నుంచి తొంభై నాలుగుకు పడిపోయింది.

నాన్న కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్నాడు. వెళ్లి చెప్పాను.

"మార్కులు ఎక్కువొస్తే తగ్గడమేంటమ్మాయ్? సరిగ్గా చూడు" అన్నాడు.

పర్సంటైల్ అంటే మనకెన్ని వచ్చాయన్నది కాదు, మన వెనక ఎంతమంది మిగిలారన్నది. ఆ ముక్క నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఆ కాయల పక్కనే కూలబడ్డాను.

అంతకు ముందు ఏడు నాకొక ఎంబీఏ సీటు వచ్చింది. మరీ పెద్ద పేరున్న కాలేజీ కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. ఆ వారమే నాన్న గుంటూరు యార్డులో ధర నచ్చక, తెచ్చిన మిరప బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టేసి వచ్చాడు. మా వైపు రైతులకు అది అలవాటే. కాయ మంచిదైతే తెగనమ్మరు, దాచిపెట్టి ధర కోసం చూస్తారు. కాళ్లు కడుక్కుంటూ నా సీటు సంగతి విని, అదే ఊపులో దానికీ తీర్పు చెప్పేశాడు.

"సరుకు నీ బుర్రలో ఉంది, ఎక్కడికి పోద్ది? ఈ ఏడు ఆగు. ఇంకాస్త చదివితే పెద్ద కాలేజీయే వస్తది."

"చేతికొచ్చింది వదులుకుంటారా ఎవరైనా?" అని అమ్మ గొణిగింది. మేమిద్దరం వింటేగా.

గుంటూరు బ్రాడీపేటలో నాకు కోచింగ్ ఇచ్చిన సార్ ఈ సంగతి విని తిట్టినంత పని చేశారు. "ఈ సీటు వదలొద్దమ్మా. ఏటేటా రాసేవాళ్లు పెరిగిపోతున్నారు, ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఇదే చదువు వచ్చే ఏడు సరిపోదు. మీ నాన్నగారితో చెప్పు." అలాగేనని తలూపి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. నాకూ పెద్ద కాలేజీయే కావాలి మరి. నా మొహానికి అదొక ఆశ.

ఏడాదంతా గదిలోంచి కదలకుండా చదివాను. తీరా చూస్తే ఈసారి దరఖాస్తు పెట్టినవాటిలో ఒక్క కాలేజీ కూడా ఇంటర్వ్యూకి పిలవలేదు. పోయినేడు నేను వద్దన్న కాలేజీకి ఇప్పుడు నేనే పనికిరాలేదు. ఆ సంగతి నాకు చాలా రోజులు మింగుడుపడలేదు.

నాన్న మాత్రం కనపడినవాళ్లందరికీ అదే చెప్పుకుంటూ తిరిగాడు, నా మాట విని చెడిపోయింది పిల్ల అని. ఒకరోజు అన్నం తింటూ నాతోనే అనేశాడు.

"తప్పు నాదేనమ్మా. చదువుల సంగతి నాకేం తెలుసని అడ్డం పడ్డాను?"

ఇక నావల్ల కాలేదు. "సార్ వదలొద్దన్నారు నాన్నా. నీతో చెప్పమన్నారు. నేనే చెప్పలేదు."

కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తిడితే బాగుండుననిపించింది.

"చెప్పినా వినేవాణ్ణి కాదులే. తిను" అన్నాడు.

వినేవాడు. చదువుల విషయంలో సార్ ఎంత చెబితే నాన్నకు అంత. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.