పక్కకు జారిన బొగ్గు

మా బావ పోయాడన్న కబురు, మంచిర్యాలలో నేను పిల్లలకు పాఠం చెబుతుండగా వచ్చింది. బావంటే మా అక్క భర్త. గోదావరిఖని గనుల్లో భూమి పొరలు చూసి, బొగ్గు ఎటుందో చెప్పే ఆఫీసరు. నన్ను టీచరు చదువు చదివించింది కూడా ఆయనే. ఇన్నాళ్లూ ఆయన గురించి రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒకసారి బావ రెండు పీటలను పక్కపక్కన ఆనించి, అక్క పూరీలకు కలిపిన పిండిని వాటి మీద పరిచాడు. ఒక పీటను ముందుకు తోసి, ఇంకోదాన్ని వెనక్కి లాగాడు. పిండి మీద ఏటవాలుగా ముడతలు లేచాయి, వాటికి అడ్డంగా పగుళ్లు పడ్డాయి.

"చూడు మరదలా, కొండలు పుట్టేకాడ గూడ గిదే కత. నేల పైకి లేసుడే గాదు, పక్కకు గూడ జారుతది. ముడతలు, పగుళ్లు చూస్తే ఎటు జారిందో తెలుస్తది."

"మాకు మాత్రం ఇయ్యాల పూరీలు లేవని తెలుస్తున్నది," అంది అక్క.

నేను పడీ పడీ నవ్వాను. బావ నవ్వలేదు.

అరవైల చివర ఒక గనిలో బొగ్గు పొర ఉన్నట్టుండి రాతిగోడ దగ్గర తెగిపోయింది. ఇక్కడ పొర తెగితే కిందికి దిగి ఉంటుందనే అందరూ అనుకుంటారు. బావ కూడా అదే అనుకుని, రాతిలో కిందికి సొరంగం తవ్వించాడు. బొగ్గు దొరకలేదు. పైగా బండ పడి, మేమంతా కాక అని పిలిచే కార్మికుడి కుడిచెయ్యి నలిగిపోయింది. పొర కిందికి దిగలేదని, పక్కకు జారిందని తర్వాత తేలింది.

షిఫ్టు మారేటప్పుడు బావ అందరి ముందూ నిలబడి తప్పు తనదేనన్నాడు. అక్క చాన్నాళ్లు, నలుగురు ఆడవాళ్లు చేరి నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరికి వెళ్లలేకపోయింది.

దవాఖాన నుంచి వచ్చాక కాకే మా అక్క ఇంటికొచ్చాడు. "భూమి లోపట ఏమున్నదో ఎవలు చూసిన్రు సారూ? ఫికర్ చెయ్యకుండ్రి."

"నేను చూసిన కాకా. గోడ మీద బండలు రాసుకున్న గీతలు అడ్డంగనే ఉన్నయి. కిందికి జారితే నిలువుగ ఉండాలె. కండ్లతోటి చూసి గూడ నేననుకున్నదే నమ్మిన."

ఆ తర్వాత కాక ఎప్పుడొచ్చినా బావ ఆయన మొహంలోకి చూడలేకపోయేవాడు. చాయ్ గ్లాసులోకి చూస్తూనే మాట్లాడేవాడు.

బావ పాడె లేపేటప్పుడు కాక ముందుకొచ్చాడు. "నేను గూడ జరంత దూరం మోస్తనమ్మా," అని అక్కనడిగాడు. మంథని నుంచి వచ్చిన మా పెదనాన్న, "మనోళ్లున్నరు గద, నువ్వెందుకు?" అన్నాడు. 'మనోళ్లు' అంటే ఏ కులంవాళ్లో అక్కడ అందరికీ తెలుసు. అక్క తల దించుకుంది. రోజూ పిల్లలకు నీతులు చెప్పే నేను నోరు మెదపలేదు. బావ అయితే ఊరుకునేవాడు కాదు. ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కాక చెప్పులు విడిచి అందరికంటే వెనక నడిచాడు. గోదావరి దారిలో, పాడె మీంచి రాలిన బంతిపూలను ఎవరూ తొక్కకుండా ఎడమచేత్తో ఏరి, పక్కన గడ్డిలో పెడుతూ పోయాడు.