భీమిలి కరపత్రంలో నేను కొట్టేసిన లైను

ఆ రోజుల్లో ఢిల్లీకి వచ్చిపడ్డ మా కుర్రాళ్లందరికీ రెండేసి ఊళ్లుండేవి. ఒకటి పుట్టిన ఊరు, రెండోది చెప్పుకునే ఊరు. నేను పుట్టింది అనకాపల్లిలో. అదెక్కడో అడిగినవాడికల్లా విప్పి చెప్పలేక, మొదటి నెలలోనే విసిగిపోయి "వైజాగ్" అనడం మొదలుపెట్టాను. అనగానే అవతలివాడు "అచ్ఛా, సమందర్!" అని కళ్లు పెద్దవి చేసేవాడు. నేనూ సముద్రం మా పెరట్లోనే ఉన్నట్టు చిన్నగా నవ్వి ఊరుకునేవాణ్ణి. (నిజానికి అప్పటికి నేను సముద్రాన్ని చూసింది రెండేసార్లు. ఒకసారి నాన్న భుజాల మీంచి, రెండోసారి ఏదో ఉద్యోగ పరీక్షకి పోతూ బస్సు కిటికీలోంచి.) ఆ నవ్వు నా కొంప ముంచుతుందని నాకేం తెలుసు!

డెబ్భైల చివర్లో, కటవారియా సరాయ్‌లో మేడ మీద గదిలో ఉంటూ, యాత్రికుల కోసం కరపత్రాలు అచ్చువేసే ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఉద్యోగం టెంపరరీ. ఆర్నెల్లు పూర్తవగానే మా పెద్దసాబ్ సంతకం పెడితే పర్మనెంటు, లేకపోతే అనకాపల్లి రైలు. నాన్న ప్రతి ఉత్తరంలోనూ క్షేమం అడగడానికి ముందే "సంతకం అయిందా?" అని అడిగేవారు. అలాంటి ఐదో నెలలో పెద్దసాబ్ నన్ను పిలిచి, "అరే భాయ్, నువ్వు వైజాగ్ వాడివి కదా. భీమిలి బీచి పక్కన తేలిగ్గా నడవగలిగే దారుల మీద ఒక కరపత్రం రాయి. ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా నడిచేలా ఉండాలి. నీకిది చిటికెలో పని, ఠీక్ హై?" అన్నారు. నేను అనకాపల్లి వాణ్ణని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. "ఠీక్ హై సర్" అని బయటికొచ్చేశాను.

నా అదృష్టం కొద్దీ మా కింది వాటాలో సిస్టరక్క ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సు, సొంతూరు భీమిలి. ఆదివారం చర్చి నుంచి వచ్చి కూరలు తరుగుతుంటే, కాగితం కలం పట్టుకుని వెళ్లి సంగతంతా చెప్పాను. పడీపడీ నవ్వింది.

"ఏటి తమ్ముడూ, సముద్రం మొకం ఎరగనోడివి, దాని ఒడ్డునెలా నడవాలో జనానికి సెప్తావా?"

"నా ఉద్యోగం అక్కా, నవ్వకు" అన్నాను ఏడుపు గొంతుతో.

దాంతో కత్తిపీట పక్కకి తోసి, కళ్లు మూసుకుని చెప్పడం మొదలెట్టింది. పొడి ఇసకలో కాకుండా తడి ఇసక మీద నడవాలట. చెప్పులు చేత్తో పట్టుకోవాలట. సరుగుడు తోట దాటితే రాళ్ల మొన, అదీ దాటితే ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయట. చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని పక్కూళ్లో ప్రార్థనకి ఆ దారినే వెళ్లేదట. "ముసలోళ్లు, పిల్లలు అందరూ నడిసే దారే. ఒకటి మాత్రం మర్సిపోకుండా రాసుకో. పోటు వేళకి నీళ్లు ముందుకొచ్చేత్తాయి, రాళ్ల మొన కాడ దారుండదు. జాలరోళ్లని అడిగి మరీ కదలాల" అంది. రాసుకున్నాను. ఇంగ్లీషులో చక్కగా రాసిచ్చాను కూడా.

తీరా ప్రెస్సులో అచ్చు కూర్చే భయ్యా, "బాబూజీ, ఒక లైను ఎక్కువైంది, ఏదో ఒకటి తీసెయ్యండి" అన్నాడు. తీసెయ్యడానికి వీలైనవి రెండే ఉన్నాయి. ఒకటి అక్క చెప్పిన పోటు సంగతి. రెండోది, ఉదయించే సూర్యుడు అలలకు బంగారు పట్టీలు తొడుగుతాడని నేను రాత్రంతా జుట్టు పీక్కుని రాసుకున్న వాక్యం. బెల్లం మార్కెట్టు పక్కన పెరిగినవాడికి పోటెంత, పట్టీలెంత! క్షణం కూడా ఆలోచించలేదు. పోటు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేశాను.

కరపత్రం చూసి పెద్దసాబ్ మురిసిపోయారు. ఎంత మురిసిపోయారంటే, ఆ ఏడాది ఎల్.టి.సి. మీద (అంటే ఉద్యోగి కుటుంబంతో ఊరు చూసొస్తే ఆఫీసు చార్జీలిచ్చే పద్ధతి) ఎప్పటిలా సిమ్లా పోకుండా, భార్యనీ తల్లినీ తీసుకుని భీమిలి బయల్దేరారు. "మాతాజీ కూడా నడుస్తుంది, నువ్వే రాశావుగా" అని నా వీపు తట్టి మరీ రైలెక్కారు. ఆరో రోజున ఆఫీసుకి టెలిగ్రాం వచ్చింది. హెడ్ క్లర్కు అందరూ వినేలా చదివాడు. "దారి సముద్రంలో ఉంది. వచ్చేసరికి వివరణ సిద్ధంగా ఉంచవలెను."

ఆ సాయంత్రం ఆఫీసు కాగితం మీద వివరణ రాశాను. "స్థానికురాలు ఇచ్చిన సమాచారం అసంపూర్ణంగా ఉన్నందువల్ల" అని మొదలుపెట్టాను. సిగ్గులేకుండా ఆ కాగితం జేబులో పెట్టుకునే, కంగారుతో అక్క దగ్గరికే పరుగెత్తాను. ఆవిడ టెలిగ్రాం సంగతి విని, "పోటు గురించి రాసేవా?" అని ఒకే ముక్క అడిగింది. కరపత్రం చేతికిచ్చాను. వేలు పెట్టి లైను లైనూ చదివి, సూర్యుడి దగ్గర ఆగింది.

"ఓలమ్మో! నా మాట పీకేసి నీ పట్టీలెట్టుకున్నావా? జనం సచ్చిపోరా?"

కాస్సేపు తిట్టి, నా మొహం చూసి మెత్తబడింది. "సరే, ఏడవకు. మా కింద వాటా నర్సమ్మ తప్పు సెప్పిందని సెప్పీ. నీ సాబ్ నన్నేటి సేత్తాడు? నీకు నౌకరీ ముక్యం గానీ" అంది. నా జేబులో ఉన్నదీ సరిగ్గా ఆ మాటే. కానీ ఆవిడ తనంతట తాను అనేసరికి నాకు నా మీదే అసహ్యం వేసింది. మెట్ల మీదే ఆ కాగితం చింపేశాను.

పెద్దసాబ్ తిరిగొచ్చారు, మొహం కమిలి నల్లబడిపోయి ఉంది. మొనకి రెండువైపులా నీళ్లు కమ్మేస్తే ముగ్గురూ రాతి మీద కూర్చుండిపోయారట. ఒక బూటూ, పరాఠాల డబ్బా సముద్రం పట్టుకుపోయిందట. జాలర్లు మాతాజీని భుజాన వేసుకుని గట్టుకి చేర్చారట.

"ఆ దారిలో నువ్వు ఎప్పుడైనా నడిచావా?"

"లేదు సర్."

"వైజాగ్ వాడివి కదా?"

"అనకాపల్లి సర్. సముద్రం రెండుసార్లు చూశాను." ఆగకుండా సూర్యుడు, ఎర్ర సిరా, అక్క, అన్నీ చెప్పేశాను.

ఆయన కరపత్రాన్ని నా ముందుకి తోశారు. "కరపత్రం మళ్లీ వేయించు. సూర్యుణ్ణి తీసెయ్. ఆ సిస్టర్ మాట అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో పెట్టు. సంతకం ఇంకో ఆర్నెల్ల తర్వాత చూద్దాం" అన్నారు. నేను గుమ్మం దాటుతుండగా మళ్లీ పిలిచి, "మాతాజీ మళ్లీ వెళ్దామంటోంది" అన్నారు గొణుగుతున్నట్టుగా.

సంతకం పడింది లెండి, నాన్నకి ఉత్తరమూ రాశాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లపాటు ఎన్నో ఊళ్ల గురించి రాశాను, ఎన్నో సూర్యోదయాలకు రంగులు వేశాను. అవన్నీ పొట్లాలు కట్టుకోవడానికి పోయి ఉంటాయి. సిస్టరక్క రిటైరై భీమిలి వెళ్లిపోయాక ఒకసారి చూడబోయాను. రాళ్ల మొన దాకా తీసుకెళ్తానని బయల్దేరుతూ, బైబిలు తెరిచి, మళ్లీ వేయించిన కరపత్రంలోంచి కత్తిరించిన చిన్న కాగితం ముక్క చూపించింది. రంగు వెలిసినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. నా పేరు మీద అచ్చయినవాటిలో ఒకరు దాచుకున్న వాక్యం నాకు తెలిసి అదొక్కటే, అది నేను కొట్టేసింది. నేను నవ్వితే అక్క కూడా నవ్వి, "పద పద, పోటు రాకముందే ఎలిపోవాల" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుంది.